పల్లేరు ముళ్ల దారుల్లో ట్యూబ్‌లెస్ చక్రాలు

పొదలకూరు నుంచి ఒక మిత్రుడు అడిగిన ప్రశ్న ఇది. 29 అంగుళాల మౌంటెన్ సైకిలు ఉంది. కండలేరు కాలువ గట్ల మీద, సైదాపురం గుట్టల వైపు తొక్కుతారు. వారానికి రెండు మూడు పంక్చర్లు పడుతున్నాయి. కొత్తగా ట్యూబ్‌లెస్ చక్రాల జత కొనాలా? కొంటే మన దారులకు నిలుస్తాయా? దగ్గర్లో బాగుచేసేవారు లేనప్పుడు ఏం చేయాలి?

ట్యూబ్‌లెస్‌కు మారమనే నా సలహా. నేను ఆరేళ్లుగా ట్యూబు లేకుండానే తొక్కుతున్నాను. పోయిన కార్తీకంలో పాత చక్రాలు తీసేసి కొత్త జత వేసుకుని పెన్నా ఒడ్డున, సైదాపురంలో, మార్కాపురం దగ్గర తొక్కి చూశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను. డబ్బు ముందు టైర్ల మీద పెట్టండి, ఆ తర్వాతే చక్రాల సంగతి. శ్రద్ధంతా రిమ్ము లోపల స్పోకు రంధ్రాలను కప్పే టేపు మీద, గాలి మీద ఉండాలి. ఈ మూడూ కుదిరితే ఇప్పుడున్న చక్రాలే సరిపోవచ్చు. కుదరకపోతే ఎంత ఖరీదైన చక్రాలు వేసినా సైకిలు తోసుకుంటూ ఇంటికి రావలసిందే.

కొండదారి అనగానే అందరికీ రాళ్లు గుర్తొస్తాయి. మన దగ్గర టైరు ప్రాణం తీసేది ముళ్లు. పల్లేరు నేలను అంటుకుని పాకుతుంది, చిన్న చిన్న పసుపు పూలు పూస్తుంది. పచ్చగా ఉన్నంతకాలం మనం పట్టించుకోం. ఎండాక కాయ గట్టిపడి అయిదు ముక్కలుగా విడిపోతుంది. ఒక్కో ముక్కకు రెండు పొడుగు ముళ్లు ఉంటాయి, ఎలా పడినా ఏదో ఒక ముల్లు పైకి చూస్తూనే ఉంటుంది. మన ప్రాంతానికి వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కదా, సంక్రాంతి దాటేసరికి కాలువ గట్లన్నీ ఈ కాయలతో నిండిపోతాయి. దీనికి సర్కారు తుమ్మ తోడు. చేలకు కంప వేసుకునే రైతులు కొమ్మలు ఈడ్చుకెళ్లిన దారి పొడవునా ముళ్లు రాలి ఉంటాయి. ట్యూబు వేసుకున్నవారికి వీటిలో ఒక్కటి చాలు.

ఈ జనవరిలో ఒక ఉదయం గట్టు దిగి ఇంటికొచ్చి చూసుకుంటే వెనక టైరులో 23 ముళ్లు ఉన్నాయి. దారిలో గాలి తగ్గినట్టే అనిపించలేదు. చిన్న పట్టకారుతో ఒక్కొక్కటీ లాగాను. ముల్లు బయటికి రాగానే సన్నగా బుస్సుమంది. సూదిమొనంత తెల్లటి చుక్క బయటికొచ్చి బుడగలా ఉబ్బింది. ఆ రంధ్రం కిందికి వచ్చేలా చక్రం తిప్పి పట్టుకున్నాను. బుడగ రెండుసార్లు పగిలింది, మూడోసారి పగలలేదు. వేలితో తుడిస్తే రబ్బరు పొరలా సాగింది. ఇలా 23 సార్లు. అంతా అయ్యాక గాలి ఒత్తిడి కొలిస్తే తగ్గింది 4 పీఎస్‌ఐ మాత్రమే.

లోపల జరిగేది పెద్ద రహస్యం కాదు. ట్యూబు బదులు టైరు లోపల పోసే ద్రవం సీలెంటు. అందులో ఎక్కువగా ఉండేది రబ్బరు పాలు. దానిలో సన్నటి పొడి రేణువులు కలిపి ఉంటాయి. గాలి బయటికి పరుగెత్తేటప్పుడు పాలను కూడా రంధ్రంలోకి నెడుతుంది. రేణువులు అడ్డం పడతాయి, వాటి చుట్టూ రబ్బరు గడ్డకడుతుంది. పల్లేరు ముల్లు చేసేంత రంధ్రానికి ఇది తిరుగులేని మందు. కోతలకు మాత్రం పనిచేయదు, ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఇక మీ చక్రాలు. కొత్తవి కొనే ముందు పాత టైరు ఒకటి ఊడదీసి రిమ్ము లోపల చూడండి. రిమ్ము మీదే ట్యూబ్‌లెస్ రెడీ అని రాసి ఉండవచ్చు. అలా ఉంటే మీకు కావలసినవి టేపు, వాల్వులు, సీలెంటు, ట్యూబ్‌లెస్ టైర్లు, అంతే. టైరు అంచు కూర్చోవడానికి లోపల రెండు వైపులా చదునైన గట్టు, దాని పక్కన చిన్న మిట్ట ఉంటాయి. గాలి తక్కువగా ఉన్నప్పుడు కూడా అంచు జారిపోకుండా ఆ మిట్టే ఆపుతుంది. తక్కువ ధర సైకిళ్లకు వచ్చే ఒంటిపొర రిమ్ములకు ఇవి ఉండవు. వాటి మీద టేపు చుట్టి, మామూలు టైరు వేసి ట్యూబ్‌లెస్ చేయవద్దు. మలుపులో అంచు ఊడితే గాలి మొత్తం ఒక్కసారిగా పోతుంది, మనిషి నేల మీద ఉంటాడు. అలాంటి రిమ్ములు ఉన్నవారు మాత్రం తప్పకుండా చక్రాలు మార్చాలి.

కొనేవారు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. 29 అంగుళాల రిమ్ముకు 622, 27.5కు 584, పాత 26కు 559 అని ఉంటుంది. టైరు పక్కన కూడా అదే అంకె ఉండాలి. ఇరుసు కొలతలు సరిపోవాలి: పాత ఫ్రేములకు మీటతో బిగించే క్విక్ రిలీజ్ ఇరుసు ఉంటుంది, కొత్తవాటికి వెనక 12 మిల్లీమీటర్ల ఇరుసుతో 148 వెడల్పు హబ్బు (చక్రం మధ్యలో ఇరుసు పట్టే భాగం) రావచ్చు. మీ బ్రేకు డిస్కు ఆరు బోల్టులదా కాదా, క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల గుత్తి) ఏ రకం హబ్బుకు ఎక్కుతుంది అన్నవి కూడా. ఈ నాలుగు విషయాలు కాగితం మీద రాసుకుని దుకాణానికి వెళ్లండి. చెన్నై దాకా వెళ్లి తప్పుడు హబ్బుతో తిరిగొచ్చినవారు నాకు తెలుసు.

నా పాత హబ్బులో పెడలు నొక్కితే చక్రం అందుకోవడానికి 20 డిగ్రీలు తిరగాలి. కొత్తదానిలో 7 డిగ్రీల లోపే అందుకుంటుంది. నరసింహకొండ కింద రాళ్ల మెట్టలు ఎక్కేటప్పుడు అర పెడలు వెనక్కి తిప్పి మళ్లీ నొక్కుతూ ఉంటాం కదా, అక్కడ ఈ తేడా కాళ్లకు స్పష్టంగా తెలిసింది. కానీ ఇది హబ్బు మేలు. ట్యూబు లేకపోవడానికీ దీనికీ సంబంధం లేదు. చాలామంది కొత్త చక్రాలు వేసుకుని ఈ రెండింటినీ కలిపేసి చెబుతుంటారు. బరువు సంగతీ అంతే. 29 అంగుళాల ట్యూబు సుమారు 200 గ్రాములు ఉంటుంది. దాని బదులు 100 నుంచి 120 మిల్లీలీటర్ల సీలెంటు పోస్తాం. చక్రానికి వంద గ్రాములు కూడా మిగలవు. బరువు కోసమే అయితే ఈ శ్రమ పడకండి.

టేపు విషయంలో మాత్రం నిదానించాలి, ఎందుకంటే కొత్త చక్రాలు నన్ను మొదటి వారంలోనే ఏడిపించింది ఇక్కడే. కొన్నచోటే టేపు వేసి ఇచ్చారు. సాయంత్రం నింపిన గాలి తెల్లారేసరికి సగమయ్యేది. ముల్లు లేదు, టైరు కొత్తది. చివరికి బకెట్టులో సబ్బు నీళ్లు కలిపి గుడ్డతో చక్రమంతా తడిపాను. టైరు అంచుల దగ్గర ఏమీ లేదు, వాల్వు మొదట్లో ఏమీ లేదు. స్పోకులు రిమ్ములోకి దిగే చోట్ల, స్పోకును బిగించే ఒక్కో మర (నిపుల్) చుట్టూ ఆవగింజంత బుడగలు ఊరుతున్నాయి. టైరు విప్పితే విషయం అర్థమైంది. రిమ్ము లోపలి వెడల్పు 30 మిల్లీమీటర్లు, వేసిన టేపు 25. అంచులు కప్పలేదు, గాలి టేపు కిందుగా దూరి స్పోకు రంధ్రాల నుంచి పోతోంది.

టేపు లోపలి వెడల్పు కన్నా 3 నుంచి 5 మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి. పాత జిగురు మొత్తం తీసి, సర్జికల్ స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి, వాల్వు రంధ్రానికి ఎదురు వైపు నుంచి మొదలుపెట్టండి. గట్టిగా లాగుతూ, బొటనవేలితో మధ్య పల్లంలోకి నొక్కుతూ చుట్టాలి. చివర జానెడు మేర ఒకదాని మీద ఒకటి రావాలి. వాల్వు కోసం బ్లేడుతో గంటు పెడితే ఆ గంటు సాగి చినుగుతుంది. సన్నటి మేకు వేడిచేసి గుచ్చితే రంధ్రం గుండ్రంగా వస్తుంది, అంచు కరిగి గట్టిపడుతుంది. తర్వాత ఒక రాత్రి ట్యూబుతోనే టైరు వేసి గాలి నింపి వదిలేయండి. టేపు రిమ్ముకు అతుక్కుపోతుంది. ఆ రోజు ఓపిక పడితే రెండేళ్లు మళ్లీ దాని ముఖం చూడనక్కర్లేదు.

టైరు ఎక్కించడానికి మామూలు చేతి పంపు చాలక ఇబ్బంది పడతారు. అంచు గట్టు మీదికి ఎక్కాలంటే ఒక్కసారిగా ఎక్కువ గాలి లోపలికి వెళ్లాలి. వాల్వు లోపలి పిన్ను తీసేయండి, అంచులకు సబ్బు నీళ్లు రాయండి, పెట్రోలు బంకులో గాలి యంత్రం దగ్గరికి తీసుకెళ్లండి. సన్న వాల్వుకు తగిలించే ఇత్తడి అడాప్టరు ఒకటి ముందే కొనుక్కోవాలి. టప్ టప్‌మని రెండు మూడు చప్పుళ్లు వస్తే అంచు కూర్చున్నట్టు. టైరు మీదా, రిమ్ము మీదా రాసి ఉన్న గరిష్ఠ అంకెల్లో ఏది తక్కువో దాన్ని దాటనివ్వవద్దు. బంకులో కుర్రవాడికి ఇది లారీ టైరు కాదని ముందే చెప్పండి. అంచు కూర్చున్నాక గాలి వదిలేసి, వాల్వు గొట్టం నుంచే సీలెంటు పోసి, పిన్ను బిగించి మళ్లీ నింపండి. చక్రాన్ని నిలువుగా పట్టుకుని ఊపండి, తర్వాత ఒక్కో వైపు పావుగంట పడుకోబెట్టండి. లోపలి పక్కగోడలన్నీ తడవాలి.

ఇప్పుడు గాలి. ట్యూబ్‌లెస్ అసలు సుఖం ఇక్కడుంది. చాలామంది ట్యూబు తీసేసి, పాత అలవాటు కొద్దీ మళ్లీ 35 పీఎస్‌ఐ నింపి, తేడా ఏమీ లేదంటారు. ట్యూబు ఉన్నప్పుడు అంత గాలి అవసరమే. తక్కువ పెడితే రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి, పాము కోరల గుర్తుల్లా పక్కపక్కనే రెండు చీలికలు పడతాయి. నలగడానికి ట్యూబే లేనప్పుడు గాలి తగ్గించవచ్చు. తగ్గిస్తే టైరు రాయిని కౌగిలించుకుంటుంది, దాని మీద నుంచి ఎగిరిపోదు. నా లెక్క ఇది: మనిషి బరువు కిలోల్లో తీసుకుని 3.2తో భాగించాలి. వచ్చినదానిలో ఒకటి తీసేస్తే ముందు చక్రానికి, రెండు కలిపితే వెనక చక్రానికి. నా బరువు 72. ముందు 21 చిల్లర, వెనక 24 చిల్లర. 2.2, 2.3 అంగుళాల టైర్లకు ఇది మంచి మొదలు. అక్కడి నుంచి నేలను బట్టి మార్చుకోవాలి.

జొన్నవాడ దగ్గర పెన్నా ఇసుకలో మొదటి రోజు అదే గాలితో దిగాను. ముందు చక్రం దున్నుకుంటూ పోయింది. ముందు 18కి, వెనక 20కి తగ్గించాక అదే ఇసుక మీద తేలింది. పూర్తిగా కాదు, పొడి ఇసుకలో దిగి నడవాల్సిన చోట్లు ఉన్నాయి, కానీ తడి అంచు వెంట కిలోమీటరుకు పైగా కాలు కింద పెట్టలేదు. ట్యూబుతో అక్కడ వంద గజాలు కూడా పోయేవాడిని కాదు.

సైదాపురం వేరు. అభ్రకం గనుల వ్యర్థాల కుప్పల చుట్టూ దారులు ఉంటాయి. ఎండలో నేలంతా మెరుస్తుంది, చూడటానికి ఎంతో బాగుంటుంది. ఆ మెరుపు మధ్యలో పలుగురాళ్లు. విరిగిన పలుగు అంచు గాజుపెంకుకు తీసిపోదు. అక్కడ వెనక 26 పెట్టాను. రిమ్ముకు రాయి తగిలిన చప్పుడు రెండుసార్లు వినిపించింది, గాలి మాత్రం పోలేదు. ఆ చప్పుడు వింటే ఇంటికొచ్చాక రిమ్ము అంచు వేలితో తడిమి చూడండి. అల్యూమినియం సొట్టపడితే టైరు అంచు అక్కడ నిలవదు. మీరు ఎక్కువగా అటే తొక్కుతారు కాబట్టి పక్కగోడ మందంగా ఉన్న టైరు కొనండి. కాస్త బరువైనా ఫరవాలేదు.

మార్కాపురంలో పలకల గనుల పక్క దారిలో నాకు ఎదురైంది ఆ పక్కగోడ కోతే. పలక రాయి పొరలు పొరలుగా విడిపోతుంది, ప్రతి పొరకూ కత్తి అంచు ఉంటుంది. వెనక టైరు పక్కన ఒక అంగుళం మేర తెగింది. సీలెంటు నా కాళ్ల మీదంతా చిమ్మింది, ఆగలేదు. రంధ్రం మూసే రబ్బరు పుల్ల గుచ్చి చూశాను, నిలవలేదు. పక్కగోడ పలచన, ప్రతి తొక్కుకూ వంగుతుంది, పుల్ల బయటికి వచ్చేస్తుంది. టూత్‌పేస్టు గొట్టం ముక్కను కోతకు లోపలి వైపు అడ్డం పెట్టి, సంచిలోని ట్యూబు వేశాను. రెండు కిలోమీటర్లు పోగానే ట్యూబు కూడా పోయింది. కోత దగ్గర కాదు, వేరే చోట. అప్పుడు తెలిసింది: ట్యూబ్‌లెస్ టైరు నెలల తరబడి మింగిన ముళ్లన్నీ విరిగిన మొనలతో లోపలే ఉంటాయి. సీలెంటు ఉన్నంతకాలం వాటితో పని లేదు. ట్యూబు వేసిన క్షణం అవన్నీ లేచి కూర్చుంటాయి. అందుకని దారిలో ట్యూబు వేయవలసి వస్తే ముందు టైరు లోపలంతా గుడ్డతో రుద్దండి, వేలితో వద్దు. దారం తట్టుకున్న ప్రతిచోటా ఒక ముల్లు ఉంటుంది. నేను తర్వాత అక్కడే చెట్టు కింద కూర్చుని తొమ్మిది తీశాను.

కాబట్టి సంచిలో ఇవి ఉండాలి: ఒక ట్యూబు, చిన్న పంపు, సైకిలు టైర్లకు చేసిన సన్న రబ్బరు పుల్లలు, వాటిని గుచ్చే పనిముట్టు, పట్టకారు, ఒక వాల్వు పిన్ను, టూత్‌పేస్టు గొట్టం ముక్క, గుడ్డ. మోటారు సైకిళ్లకు వాడే పుల్లలు మన టైరుకు మరీ లావు, రంధ్రాన్ని ఇంకా పెద్దది చేస్తాయి. బాగుచేసేవారు లేరన్న మీ బెంగకు ఇదే నా జవాబు. ఊళ్లో పంక్చరు షాపు ఆయనకు ఇది కొత్త, ఆయన తప్పు కాదు. ఇంటి వరండాలో రెండుసార్లు చేసి చూస్తే మీరే చేసుకోగలరు.

ఎండల సంగతి వేరుగా చెప్పాలి. సీలెంటు డబ్బా మీద ఆరు నెలలు అని రాసి ఉన్నా నమ్మకండి. మన రోహిణీ కార్తె వేడికి పాలు లోపలే ఎండిపోయి ఉండలు కడతాయి. మార్చి నుంచి జూన్ దాకా నేను ఆరు వారాలకు ఒకసారి, మిగతా కాలంలో రెండున్నర నెలలకు ఒకసారి చూస్తాను. చక్రం చెవి దగ్గర పెట్టి ఊపితే నీళ్ల చప్పుడు రావాలి. రాకపోతే 60 మిల్లీలీటర్లు పోయండి. సైకిలును మేడ మీద రేకుల కింద ఉంచకండి. వేడికి గాలి కూడా పెరుగుతుంది. తెల్లవారుజామున 25 డిగ్రీల చలువలో 24 నింపిన టైరు 45 డిగ్రీలకు చేరితే 26 దాటుతుంది. మధ్యాహ్నం తిరుగు దారిలో సైకిలు ఎందుకు ఎగిరెగిరి పడుతోందా అని నేను చాలాకాలం ఆశ్చర్యపోయాను, కారణం ఇదే. పంపు మీది గేజి ముల్లు అంత తక్కువ గాలిని సరిగ్గా చూపదు. విడిగా డిజిటల్ గేజి ఒకటి కొనుక్కోండి, ఈ మొత్తం వ్యవహారంలో అది చవకైన, అన్నిటికన్నా పనికొచ్చే వస్తువు.

మంచి చక్రాలు వచ్చాక వెలిగొండల లోపలికి వెళ్లాలనిపిస్తుంది, నాకూ అనిపించింది. రాపూరు, పెంచలకోన వైపు అడవిలో పెనుశిల నరసింహ అభయారణ్యం ఉంది. మార్కాపురం, దోర్నాల వైపు పులుల అభయారణ్యం. అటవీ శాఖ అనుమతి లేకుండా లోపలి దారులు తొక్కకండి. ఎర్రచందనం ఉన్న అడవులు, చీకటితో బయల్దేరి సంచి వేసుకుని తిరిగేవాళ్లను ఆపి అడగడం అటవీ సిబ్బంది పని. ఊళ్ల పక్క గుట్టలు, చెరువు కట్టలు, మేకల దారులు మనకు చాలినన్ని ఉన్నాయి. మేకల కాపరి ఎదురైతే దిగి నడవండి. ఏ దారిలో కంప కొట్టారో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

మీ రిమ్ము లోపల, టైరు పక్కన ఉన్న అంకెలు రాసి పంపండి. ఎంత టేపు కావాలో చెబుతాను. నా దగ్గర 28, 32 మిల్లీమీటర్ల టేపు చుట్టలు మిగిలి ఉన్నాయి. వచ్చే ఆదివారం తెల్లవారగానే జొన్నవాడ గుడి దగ్గర ఉంటాను. పాత చక్రాలే తీసుకురండి, మొదటిసారి ఇద్దరం కలిసి వేద్దాం.